ఆశతో మొదలైన సైన్స్ ఫిక్షన్ సినిమా రెండో భాగంలో డార్క్ అవ్వాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ మొదటి సినిమాలో మూసీ ఒడ్డు బస్తీలో ఉండే ఇద్దరు పిల్లలు, రిటైరైన ఒక లైన్‌మన్ తాతయ్య కలిసి పాతసామాన్ల కొట్లో దొరికిన రోబోను బాగు చేస్తారు. వరద వచ్చిన రాత్రి ఆ రోబో నీళ్లను దారి మళ్లించి బస్తీని కాపాడుతుంది. తక్కువ ఖర్చుతో తీసినా జనానికి నచ్చింది. ఇప్పుడు రెండో భాగానికి డబ్బు పెట్టే మనిషి దొరికాడు. ఆయన షరతు ఒక్కటే: ఈసారి డార్క్‌గా ఉండాలి. మొదటి పది నిమిషాల్లో తాతయ్య పోవాలి, రోబో విలన్ కావాలి. ధైర్యం చెబుతూ మొదలైన సైన్స్ ఫిక్షన్ సిరీస్ తర్వాతి భాగాల్లో చీకటిగా మారడం మంచిదేనా అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. డార్క్ చేయొచ్చు. కానీ మొదటి భాగం ప్రేక్షకుడికి ఇచ్చిన మాట తప్పకూడదు. మీ నిర్మాత చెప్పిన రెండు మార్పులూ మాట తప్పేవే. వాటికి ఒప్పుకోవద్దు. అలాగని మళ్లీ అదే వరద, అదే రోబో, అవే చప్పట్లు తీయమని కూడా నేను చెప్పను. ఈ రెంటికీ మధ్య దారి ఉంది, కిందకి వెళ్లేకొద్దీ చెబుతాను.

ముందు నా సంగతి. ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఇంగ్లీషు సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. మధ్యమధ్యలో తెలుగు సినిమాల కథాచర్చల్లో కూర్చుంటాను. డబ్బింగ్ రచయితకు ఒక శిక్ష ఉంటుంది. ఒక్కో సీను పెదాలకు మాట కుదిరేదాకా పదిసార్లో ఇరవైసార్లో చూడాలి. సీక్వెల్ వస్తే మొదటి భాగం మళ్లీ ముందేసుకోవాలి. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారు, ఆ యంత్రానికి అప్పుడు తెలుగులో ఏం పేరు పెట్టాం, ఇవన్నీ చూసుకోవాలి. అందుకని మామూలు ప్రేక్షకుడు చేయని పని నేను చేస్తుంటాను: రెండో భాగం చూశాక మొదటి భాగం చూడటం. సీక్వెల్ బాగుందా లేదా అన్నది నాకు తెలిసేది అక్కడే. రెండోది చూశాక కూడా మొదటిది హాయిగా చూడగలిగితే ఆ చీకటి సరైనదే. చూడబుద్ధి కాకపోతే రెండోది ఎంత గొప్పగా తీసినా అది మొదటిదాని నోట్లో మట్టి కొట్టినట్టే.

ఇది నేను కనిపెట్టింది కాదు, యూసఫ్‌గూడలో ఒక చిన్న స్టూడియోలో ఒక పాప నాకు నేర్పింది. మగపిల్లల పాత్రలకు కూడా ఆడపిల్లలతో గొంతు చెప్పించడం మా దగ్గర మామూలే. ఆ పాప మొదటి భాగంలో హీరో పిల్లాడికి చెప్పింది, అప్పుడు తనకి తొమ్మిదేళ్లు. క్లైమాక్స్‌లో ఆ పిల్లాడు స్నేహితుణ్ణి మంటల్లోంచి లాక్కొస్తాడు. అరుపులు, ఊపిరి, దగ్గు అన్నీ పాప ఒక్క టేకులో చెప్పేసింది. రెండేళ్ల తర్వాత రెండో భాగం వచ్చింది. మొదటి సీన్‌లోనే గోడ మీద ఆ స్నేహితుడి ఫొటో, దానికి దండ. 'వాడు పోయి ఏడాదైంది' అని చెప్పాలి. పాప హెడ్‌ఫోన్స్ తీసి అద్దంలోంచి నా వంక చూసింది. "అంకుల్, పోయినసారి వాణ్ణి మనం కాపాడాం కదా?"

సౌండ్ ఇంజినీర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నాలుగు ముక్కల డైలాగుకి ఏడు టేకులు పట్టింది. ఆ తర్వాత ఎప్పుడో టీవీలో మొదటి భాగం వస్తుంటే, మంటల సీను మొదలవగానే నేను లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లిపోయాను. ఎలాగూ చచ్చేవాడిని కాపాడుతుంటే చూడటం ఎందుకనిపించింది.

ఇక 'మాట' అంటే ఏంటో చెప్పాలి. అది డైలాగు కాదు, కథ మొత్తం కలిసి ప్రేక్షకుడి చేతిలో పెట్టేది. మన తెలుగువాళ్లకు ఇది వివరించడానికి హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు, మాయాబజార్ చాలు. 1957 సినిమా. సైన్స్ ఫిక్షన్ కాదు గానీ ప్రియదర్శిని పెట్టె తెరిస్తే దూరాన ఉన్న ఇష్టమైన మనిషి కనబడటం ఈరోజు వీడియో కాల్ కాక మరేంటి? సరే, విషయానికి వస్తాను. మాయాబజార్‌కి సీక్వెల్ ఏంటో మనందరికీ తెలుసు. కురుక్షేత్రం. అంత ముద్దుగా పెళ్లి చేసుకున్న అభిమన్యుడు పదమూడో రోజు పద్మవ్యూహంలో చచ్చిపోతాడు. పెళ్లివారి విందంతా ఒక్కడే ఊడ్చేసిన ఘటోత్కచుడు మర్నాటి రాత్రి కర్ణుడి శక్తికి కూలిపోతాడు. ఇంతకన్నా డార్క్ సీక్వెల్ ప్రపంచంలో ఎవరు రాయగలరు? అయినా మనం మాయాబజార్ ఎన్నిసార్లు వేసినా నవ్వుతూ చూస్తాం. రంగారావుగారు లడ్డూలు ఎగరేసి మింగుతుంటే 'పాపం, రేపు పోతాడు' అని ఎవరికీ అనిపించదు.

ఎందుకంటే మాయాబజార్ మనకు ఇచ్చిన మాట 'యుద్ధం రాదు' అని కాదు. 'ఈ పిల్ల ఇష్టపడ్డవాడితో పెళ్లి జరుగుతుంది, దుర్మార్గులు నవ్వులపాలవుతారు' అని. ఆ మాట నిలబెట్టుకుంది. కురుక్షేత్రం వచ్చి ఆ పెళ్లిని 'అసలు జరగలేదు' అనడం లేదు. దాని పని వేరు, దీని పని వేరు.

ఇప్పుడు హాలీవుడ్ దర్శకుడు స్పీల్‌బర్గ్ దగ్గరికి రండి. 1982లో, గ్రహాంతరవాసితో పిల్లలు స్నేహం చేసే ఈ.టి. పెద్ద హిట్టయ్యాక ఆయనా, రచయిత్రి మెలిస్సా మాథిసనూ రెండో భాగానికి ఒక చిన్న ట్రీట్‌మెంట్ (కథ సారాంశం) రాసుకున్నారు. పేరు 'నాక్టర్నల్ ఫియర్స్', అంటే రాత్రి భయాలు అనుకోండి. అందులో ఈ.టి. జాతికే చెందిన దుష్టులు భూమికి దిగి, ఆ పిల్లల్నే పట్టుకుని హింసిస్తారు. అది రాతలోనే ఆగిపోయింది, ఆయన తీయనేలేదు. ఇప్పటికీ ఈ.టి.కి రెండో భాగం లేదు. ఆ సినిమా మాట ఏంటి? 'తెలియనివాడు కనిపిస్తే భయపడకు, తిండి పెట్టు, స్నేహితుడవుతాడు.' సరిగ్గా దాన్నే రెండో భాగం నరికేది. డబ్బు వచ్చేదేమో, నేను కాదనను. కానీ మొదటి సినిమాలో ఆ పిల్లాడు పెరట్లో చాక్లెట్లు చల్లుతూ పోతుంటే మనకు భయమేసేది.

తమాషా ఏంటంటే, ఈ.టి. పుట్టిందే ఇలాంటి ఒక డార్క్ ఆలోచన విరమించుకోవడం వల్ల. 1977లో ఆయన తీసిన 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్'లో గ్రహాంతరవాసులు సంగీతంతో పలకరిస్తారు, ఎవరి మీదా దాడి చేయరు. దానికి కొనసాగింపు కావాలని అడిగితే 'నైట్ స్కైస్' అనే కథ తయారైంది. అందులో గ్రహాంతరవాసులు ఒక రైతు కుటుంబం మీద దాడి చేస్తారు. వాళ్లలో ఒక్కడు మాత్రం మంచివాడు, ఆ ఇంటి పిల్లాడితో చెలిమి చేస్తాడు. చివరికి మిగతాదంతా పక్కనపెట్టి ఆ ఒక్క పోగు పట్టుకుని ఈ.టి. అల్లారు. కథాచర్చల్లో ఎవరైనా 'సీక్వెల్ అంటే డార్కే సార్' అంటే నేను ఈ సంగతే చెబుతాను. వినరనుకోండి, అది వేరే విషయం.

మాట తప్పినవాటికి ఉదాహరణలు ఎక్కువ అక్కర్లేదు. 'ఏలియన్స్' (1986) భయపెట్టే సినిమానే అయినా చివర్లో హీరోయిన్ రిప్లీ ఒక చిన్న పాప కోసం మళ్లీ ఆ రాక్షస జీవుల పుట్టలోకి దిగి ఎత్తుకొస్తుంది. 1992లో 'ఏలియన్ 3' మొదలవుతూనే ఆ పాప చచ్చిపోయి ఉంటుంది. 'టెర్మినేటర్ 2' (1991) రాబోయేది మన చేతిలోనే ఉందంటుంది. 2003లో వచ్చిన మూడోది చివర్లో అణుబాంబులు పేల్చి 'లేదు, అది ఎలాగూ తప్పదు' అంటుంది. 2019 నాటి 'డార్క్ ఫేట్' అయితే రెండో భాగంలో అంత కష్టపడి కాపాడిన కుర్రాణ్ణి మొదటి కొద్ది నిమిషాల్లోనే కాల్చేస్తుంది. దండ వేసిన ఫొటో పద్ధతే అన్నీ.

మంచి చీకటి మొదటి భాగం చేసిన అప్పులోంచి వస్తుంది. మొదటి భాగం సంతోషంగా ముగిసినప్పుడు ఎక్కడో ఒకచోట అప్పు చేస్తుంది. ఎవరో ఖర్చయ్యారు, ఏదో పట్టించుకోలేదు, హీరోకి ఏదో అనుకోకుండా కలిసొచ్చింది. రెండో భాగంలో ఆ అప్పులవాడు తలుపు కొట్టాలి. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' (1985) చివర, కాలయంత్రంలో గతానికి వెళ్లిన కుర్రాడు వర్తమానానికి వచ్చేసరికి ఇల్లు మారిపోయి ఉంటుంది, అమ్మానాన్నలు బాగుపడతారు, వాకిట్లో కొత్త బండి ఉంటుంది. కాలాన్ని కదిలించి లాభపడ్డాడు. 1989 నాటి రెండో భాగంలో అదే కుర్రాడు భవిష్యత్తుకు వెళ్లి ఆటల ఫలితాలున్న పుస్తకం ఒకటి కొంటాడు, పందేలు కాసి డబ్బు చేసుకుందామని. అది దుర్మార్గుడి చేతిలో పడుతుంది. తిరిగొచ్చేసరికి ఊరు నాశనం, నాన్న సమాధిలో. చీకటి ఎక్కడినుంచో రాలేదు, వాడి ఆశలోంచే వచ్చింది. 1990లో మూడోది మళ్లీ హాయిగా రైలు కూతతో ముగిసింది.

అన్నిటికన్నా నాకు నచ్చే ఉదాహరణ 'స్టార్ ట్రెక్'. 1966లో టీవీలో మొదలైనప్పటినుంచీ అది ఇచ్చే మాట ఒకటే: రకరకాల మనుషులు, మనిషి కానివాళ్లు కూడా, ఒక అంతరిక్ష ఓడలో కలిసి ఉండగలరు, కలిసి ఆలోచిస్తే దారి దొరుకుతుంది. 1982లో నికొలస్ మేయర్ దర్శకత్వంలో రెండో సినిమా 'ది రాత్ ఆఫ్ ఖాన్' వచ్చింది. 1979లో వచ్చిన మొదటి సినిమా ఖర్చులో మూడో వంతు కూడా లేని డబ్బుతో తీశారు. అందులో ఆ ఓడ కెప్టెన్ కిర్క్‌కి ప్రాణస్నేహితుడైన స్పాక్ చనిపోతాడు.

కానీ చావు కన్నా ముందు ఒక చిన్న వస్తువు చూడండి. కళ్లజోడు. కెప్టెన్ కిర్క్ పుట్టినరోజుకి డాక్టర్ స్నేహితుడు అతనికి చదువుకోవడానికి కళ్లజోడు తెచ్చిస్తాడు. కిర్క్ దాన్ని పట్టుకున్న తీరు చూస్తే మొదటిసారి చత్వారం వచ్చిన మన బాబాయిలు గుర్తొస్తారు. అంతరిక్షంలో దూసుకుపోయే కథానాయకుడికి చత్వారం! తర్వాత శత్రువు ముందు ఓడ సంకేతాలు చదవాల్సి వచ్చినప్పుడు ఆ జోడే తీసి పెట్టుకోవాల్సి వస్తుంది. చివరికి ఒక అద్దం పగిలిపోతుంది. సినిమా ఎంత చీకటిగా ఉండబోతోందో ఆ కళ్లజోడే చెబుతుంది. ఇన్నేళ్లూ ప్రతిసారీ ఏదో ఉపాయంతో బయటపడ్డాడు, చావుని ఎదురుగా చూడలేదు. ఆ బకాయి ఇప్పుడు వసూలవుతుంది. స్పాక్ ఎందుకు పోతాడు? ఓడలో ఉన్న అందర్నీ కాపాడటానికి రేడియేషన్ ఉన్న గదిలోకి తనంతట తానే వెళ్తాడు. అంటే 'కలిసి ఉంటాం' అన్న మాటను చచ్చి మరీ నిలబెట్టాడు. అది చూశాక పాత ఎపిసోడ్లు చూస్తే ఇంకా ముద్దొస్తాయి, తగ్గవు. అయినా విడుదలకు ముందు కొంతమందికి వేసి చూపిస్తే మరీ బరువుగా ఉందనిపించి, చివర్లో కొత్త గ్రహం మీద పచ్చటి చెట్ల మధ్య స్పాక్ శవపేటిక కనిపించే షాట్లు తర్వాత చేర్చారు. దర్శకుడికి అది ఇష్టం లేదు. నన్నడిగితే ఆ పచ్చదనం ఉండాల్సిందే.

స్టార్ వార్స్ రెండో సినిమా 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' (1980) పేరు మీ నిర్మాత తప్పకుండా ఎత్తుతాడు. అందరూ ఎత్తుతారు. హీరో చెయ్యి తెగింది, తండ్రే విలనని తేలింది, స్నేహితుణ్ణి గడ్డకట్టించి పట్టుకుపోయారు. నిజమే. కానీ ఆయన్ని ఒక్కటి అడగండి: హీరోకి విద్య నేర్పే పొట్టి గురువు యోడా వచ్చింది ఏ భాగంలో? అందులోనే. వస్తూనే ఏం చేస్తాడు? హీరో తిండిపెట్టెలో చెయ్యి పెట్టి కెలుకుతాడు, చిన్న దీపం కోసం రోబోతో పెనుగులాడతాడు. బాగా చీకటిగా ఉన్న భాగంలోనే బాగా నవ్వించే పాత్రను తెచ్చి పెట్టారు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. 'డార్క్' అనగానే సినిమాలో నవ్వే మనుషుల్ని తీసేస్తారు. ఇది డబ్బింగ్‌లో నాకు ఇట్టే దొరికిపోతుంది. మొదటి భాగం రియాక్షన్ల లిస్టులో నవ్వులు, ఆశ్చర్యాలు, తింటూ మాట్లాడటాలు ఉంటాయి. రెండో భాగంలో మూలుగులు, అరుపులు, పళ్లు కొరకడాలు తప్ప మరేమీ ఉండవు. ఆర్టిస్టుల గొంతులు పోతాయి, వేడినీళ్లు తెచ్చి పెట్టలేక మేం చస్తాం.

ఇక్కడ నా వాదనకు ఎదురు వచ్చే సంగతి కూడా చెప్పాలి. 2013లో వచ్చిన 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్' పాత విలన్ ఖాన్ కథనే తిప్పి తీసింది. ఈసారి కిర్క్ రేడియేషన్ గదిలో చనిపోతాడు, స్పాక్ అద్దం బయట ఏడుస్తాడు. కాసేపట్లోనే ఖాన్ రక్తంతో కిర్క్ లేచి కూర్చుంటాడు. అంటే అప్పు చేసినట్టు నటించి, తీర్చకుండానే రసీదు చేతిలో పెట్టారు. నా దృష్టిలో అది దొంగ చీకటి. అయినా ప్రపంచవ్యాప్తంగా అది 2009 నాటి ముందు భాగం కన్నా ఎక్కువ వసూలు చేసింది. 2016లో మళ్లీ సరదాగా, అందరూ కలిసి గెలిచేలా తీసిన 'బియాండ్' అంత రాబట్టలేదు. కాబట్టి 'ఆశ అమ్ముడుపోతుంది, చీకటి అమ్ముడుపోదు' అని నేను మీకు అబద్ధం చెప్పను. అలాగని లెక్క ఎప్పుడూ అటువైపే లేదు. పాత నటులతో వచ్చిన ఆరు స్టార్ ట్రెక్ సినిమాల్లో అమెరికాలో ఎక్కువ వసూలు చేసింది 1986 నాటి నాలుగోది. అందులో చావుల్లేవు, పెద్ద విలన్ లేడు. తిమింగలాల కోసం ఇరవయ్యో శతాబ్దానికి వచ్చి బస్సెక్కడం తెలియక తికమకపడే కామెడీ అది. రెండు బరువైన సినిమాల తర్వాత వచ్చింది, జనం ఊపిరి పీల్చుకున్నారు.

మన దగ్గర సంగతి కాస్త వేరు. మనవాళ్లు మొదటి భాగంలోనే చీకటిని కొంచెం కలిపేస్తారు. 'ఆదిత్య 369' (1991) చూడండి. రాయలవారి కాలం, పాటలు, నవ్వులు అన్నీ అయ్యాక ఆ కాలయంత్రం 2504కి తీసుకెళ్తుంది. అక్కడ అణుయుద్ధం అయిపోయి, జనం భూమి కింద బతుకుతుంటారు. దర్శకుడు సింగీతంగారు దాన్ని పెరుగన్నంలో ఆవకాయ ముక్కలా పెట్టారు, ఎక్కువసేపు ఉంచలేదు. శంకర్ 'రోబో' (2010) లో చిట్టి అల్లరి, చిట్టి పిచ్చి, చివరికి తన భాగాలు తనే విప్పుకోవడం అన్నీ ఒకే సినిమాలో అయిపోయాయి. అందుకే '2.0' (2018) సెల్ టవర్‌కి ఉరేసుకున్న ముసలాయనతో మొదలైతే నాకు ఇబ్బంది అనిపించలేదు, ఆ ముసలాయన బాధ నిజమైనదే. నాకు వెలితి అనిపించింది ఇంకోచోట: చిట్టి ఎప్పుడొస్తాడా అని చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. 'కల్కి 2898 ఏడీ' (2024) అయితే కురుక్షేత్రం ముక్క అవగానే ఎండిపోయిన గంగతో, చివరి ఊరు కాశీతో కథ మొదలైంది. దానికి మీ సమస్య తిరగేసి వస్తుంది: అంత చీకటిలో మొదలయ్యాక రెండో భాగం వెలుగులోకి ఎలా నడవాలి అని. వాళ్ల తిప్పలు వాళ్లవి.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. పన్నెండేళ్ల కిందట పిల్లల సైన్స్ అడ్వెంచర్ ఒకటి రెండో భాగం తీస్తుంటే కథాచర్చలకు నన్ను పిలిచారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక గెస్ట్‌హౌస్, పదిరోజుల సిట్టింగ్, రోజూ అదే బిర్యానీ. మొదటి భాగంలో పిల్లలకు రాకెట్ చేయడం నేర్పించిన సైన్స్ మాస్టారు ఉన్నారు, అందరికీ ఇష్టమైన పాత్ర. ఇంటర్వెల్ దగ్గర బ్యాంగ్ కుదరక అందరూ తలపట్టుకుని ఉంటే నేనే అన్నాను, 'ఆ మాస్టారే పిల్లల ఐడియాలన్నీ దొంగిలించి అమ్ముకుంటున్నాడని తేలితే?' గదిలో ఒక్కసారి నిశ్శబ్దం, తర్వాత చప్పట్లు. ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడిచి రోమాలు నిక్కబొడుచుకున్నాయని చూపించాడు కూడా. ఆ రాత్రి నేను ఇంటికెళ్లి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను.

సినిమా వచ్చింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి వెళ్లాను. ఇంటర్వెల్ బ్యాంగ్ పడింది, లైట్లు వెలిగాయి. పిల్లల సినిమాకి ఇంటర్వెల్ అంటే తెలుసుగా, పాప్‌కార్న్ కోసం తొక్కిసలాట. ఆరోజు పిల్లలు సీట్లలోంచి లేవలేదు. భయంతో కాదు, ఏడుపుతోనూ కాదు. ఏం చేయాలో తెలియనట్టు కూర్చున్నారు. సెకండాఫ్‌లో మాస్టారు తెర మీద కనిపించినప్పుడల్లా మొదటి భాగంలో ఈలలేసినవాళ్లు కదలకుండా ఉన్నారు. రెండో వారానికి సినిమా లేదు. పంపిణీదారు ఒకాయన ఫోన్ చేసి, తిట్టకుండానే ఒక మాటన్నాడు. "ఇంటర్వెల్ బాగుంది సార్. కానీ ఆ తర్వాత ఎవడి కోసం చూడాలి?" మంచివాణ్ణి చెడ్డవాణ్ణి చేయడం కథల్లో అన్నిటికన్నా సులువైన మలుపని అప్పుడే తెలిసింది. ఎవరైనా చేయగలరు. నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు మరి.

ఇంకో రకం డార్క్ ఉంది, దాని గురించి ఎక్కువ మాట్లాడను. కథ అదే, సీన్లు అవే, డీఐలో (సినిమా తీశాక రంగులు దిద్దే చోట) కూర్చుని అంతా నీలం, బూడిద రంగు కొట్టేసి టైటిల్ అక్షరాలు పగిలినట్టు చూపించడం. మీ నిర్మాతకు కావాల్సింది ఇదే అయితే అదృష్టవంతులు. ట్రైలర్ వరకు ఇచ్చేయండి.

ఇప్పుడు మీ కథ. మీ మొదటి భాగం మాట ఏంటి? నాకు కనిపించింది ఇదీ: 'పారేసిన వస్తువుకీ, పక్కన పెట్టేసిన మనిషికీ ఇంకా పని ఉంది.' తుక్కులో దొరికిన రోబో, రిటైరైన లైన్‌మన్, బస్తీ పిల్లలు, అందరూ అలాంటివాళ్లే. రోబోను విలన్ చేస్తే 'తుక్కు తుక్కే' అన్నట్టు. తాతయ్యను పదో నిమిషంలో చంపితే 'ముసలాయన పని అయిపోయింది' అన్నట్టు. రెండూ మాట తప్పడమే.

మరి అప్పు ఎక్కడుంది? మీ సినిమా చూస్తుంటే నాకు ఒక్కచోట ముల్లు గుచ్చుకుంది. రోబో వరదను దారి మళ్లించింది, బస్తీ గట్టెక్కింది, అందరూ గంతులేశారు. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? నీళ్లు ఆవిరైపోవు కదా. మూసీ ఊళ్లోంచి నాగోల్ దాటి ఘట్‌కేసర్ వైపు పోతుంది. బస్తీలో చప్పట్లు కొడుతున్న ఆ రాత్రే కింద ఒక ఊళ్లో గొడ్లు కొట్టుకుపోయి ఉంటాయి, ఇళ్లు కూలి ఉంటాయి. మనుషులు కూడా పోయి ఉండొచ్చు. రోబో చెడ్డది కాదు. తుక్కులో దొరికిన దాని మెమరీలో పాత సిటీ మ్యాపు మాత్రమే ఉంది, నాగోల్ దాటాక దాని లెక్కలో ప్రపంచం లేదు. రెండో భాగం మొదటి సీన్‌లో ఆ ఊరి పిల్ల ఒకతి బస్తీకి వచ్చి, టీవీలో చూసిన ఆ రోబో ఇదేనా అని అడిగితే చాలు. మీకు కావాల్సినంత చీకటి దొరుకుతుంది. మొదటి భాగంలో ఒక్క షాటు కూడా అబద్ధం కాదు. పిల్లలు నిజంగానే బస్తీని కాపాడారు, అదీ నిజమే, ఇదీ నిజమే.

మన ఊరి చరిత్ర కూడా మీకు సాయం వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది, వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, వెళ్లి చూసి రండి, వీలైతే అక్కడ ఒక సీను రాయండి. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరి పైన నీళ్లను ఆపే ఆ చెరువుల గేట్లు ఎత్తిన ప్రతిసారీ దిగువన ఉన్నవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. మీ కథకు కావాల్సిన తగువు అక్కడే ఉంది.

తాతయ్య సంగతి. ఆయన్ని చంపకుండా ఆయన చేతులు వణికించండి. మొదటి భాగంలో కరెంటు స్తంభం మీద ఆయన టెస్టర్ పట్టుకున్న తీరు మీరు క్లోజప్‌లో చూపించారు, నాకు బాగా గుర్తుంది. రెండో భాగంలో అదే టెస్టర్ జారి కింద పడాలి. ఆ పిల్లలు చూసి, చూడనట్టు నటించాలి. కిర్క్ కళ్లజోడు లాంటిదే ఇది. సినిమా చివర్లో ఆయన పోవాల్సి వస్తే పోనివ్వండి, అప్పటికి ఆయన ఎందుకోసం పోతున్నాడో ప్రేక్షకుడికి తెలుస్తుంది. నేనైతే మూడో భాగం దాకా ఆపుతాను.

రెండు చిన్న హెచ్చరికలు. మీ మొదటి భాగానికి ఎవరొచ్చారో మర్చిపోవద్దు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇప్పుడు పదకొండు, కొంచెం ఎక్కువ భయం తట్టుకుంటాడు. కానీ వాడి చెల్లెలు కూడా వస్తుంది, దానికి ఆరు. 2024 నుంచి సెన్సార్ వాళ్లు యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. 16+ పడితే ఆ చెల్లెల్ని తీసుకురావాలా వద్దా అని తల్లిదండ్రులు ఆలోచిస్తారు, మీ నిర్మాత లెక్కల్లో ఆ టికెట్ పోయిందని ఆయనకి ఇప్పుడే చెప్పండి. డబ్బు భాషలో చెబితే తొందరగా వింటారు. రెండోది, నవ్వించే మనిషిని ఒకణ్ణి కొత్తగా తెండి. ఘట్‌కేసర్ పిల్లే అవ్వొచ్చు. కోపంగా వచ్చిన పిల్ల రోబోను నోటికొచ్చినట్టు తిడుతుంటే, అది ఆ తిట్లన్నిటినీ కొత్త మాటలనుకుని నేర్చుకుని అందరికీ మర్యాదగా వాడుతుంటే సగం పని అయిపోతుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. తాతయ్య పాత్ర వేసినాయన రెండో భాగానికి డేట్లు ఇస్తున్నాడా, పారితోషికం ఎంత అడిగాడు, మీ నిర్మాతను నెమ్మదిగా కనుక్కోండి. స్పాక్ వేషం వేసిన లియొనార్డ్ నిమోయ్‌కి కూడా ఆ రెండో సినిమా చేయడం అంత ఇష్టం లేదు, మంచి చావు సీను ఉంటుందని చెప్పి ఒప్పించారు. మన దగ్గర పదో నిమిషంలో పోయే పెద్దవాళ్లలో చాలామంది కథ కోసం పోరు, డేట్లు కుదరక పోతారు. మీ విషయం అదే అయితే నాకు మళ్లీ రాయండి, ఆయన్ని ఊరికి పంపించి ఫోన్‌లో మాట్లాడించే పద్ధతులు నా దగ్గర నాలుగున్నాయి.